గ్రాఫిక్స్ కార్డు పెట్టె మీద రాయని సంగతులు: తయారీదారులకు, దిగుమతిదారులకు, దుకాణదారులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

మొన్న సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు నుంచి ఖమ్మం దాకా బస్సులో ఒక పెట్టెను ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పై అరలో పెట్టమని కండక్టర్ రెండుసార్లు చెప్పినా వినలేదు. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. అందులో ఉన్నది మీలో ఒకరు తయారుచేసి, ఒకరు దిగుమతి చేసి, ఒకరు నాకు అమ్మిన గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్ ఆటల బొమ్మలను తెర మీదికి గీసి పంపే భాగం. ఏ కంపెనీదో, ఏ దుకాణంలో కొన్నానో చెప్పను. ధర లక్షకు పదివేలు తక్కువ. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే నాకు అది మూడేళ్లు దాచిన సొమ్ము.

ఆ రాత్రే పాత కార్డు ఊడదీసి కొత్తది బిగించబోతే అది క్యాబినెట్లో, అంటే కంప్యూటర్ డబ్బాలో, పట్టలేదు. ముందువైపు ఫ్యాను అడ్డం వచ్చింది. ఫ్యాను తీసేశాను. అయినా అర అంగుళం ఎక్కువే. ఏటవాలుగా దూర్చి చూశాను, క్యాబినెట్‌ను పడుకోబెట్టి చూశాను. మా నాన్నగారు కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తూ పెట్టెను చేతిలోకి తీసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని ఆరువైపులా తిప్పి చదివారు. "ఫ్రిజ్ కొన్నప్పుడు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో తలుపు మీదే అతికించి ఇచ్చారు కదరా. ఆఖరికి సీలింగ్ ఫ్యానుకు కూడా చుక్కల స్టిక్కర్ ఉంది. ఇంత ఖరీదైనదానికి ఏదీ?" అన్నారు.

నేనూ వెతికాను. ముందువైపు నిప్పులు కక్కుతున్న ఒక యంత్రం బొమ్మ, పెద్ద అక్షరాల్లో మోడల్ పేరు. వెనకవైపు పది భాషల్లో చీమల బారులాంటి ప్రశంసలు. ఇన్ని వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే యూనిట్) ఉంటే మంచిదని ఒక మూల ఒకే ఒక్క వాక్యం. కార్డు తాను ఎంత కరెంటు తాగుతుందో లేదు, ఎంత పొడవో లేదు. మా వెబ్‌సైటులో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. చూడకుండా కొన్నది నేనే, ఆ తప్పు నాది. కానీ పిల్లవాడి సైకిలు కొన్నా చక్రం ఎన్ని అంగుళాలో దుకాణంలోనే చెబుతారు.

నా పాత కార్డు ఎన్విడియా అనే చిప్పుల కంపెనీవారి జీటీఎక్స్ 1060, 6 జీబీ మెమొరీది. 2016లో వచ్చిన రకం. 120 వాట్లతో సరిపెట్టుకునేది. మూడో ఏట ఫ్యాను గోల ఒకటి తప్ప ఏళ్ల తరబడి మారు మాట్లాడకుండా పనిచేసింది. దాని మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. అయితే అదే పేరుతో అదే ఏడాది 3 జీబీ కార్డు కూడా అమ్మారు. మెమొరీ సగమే కదా, మిగతాదంతా ఒకటే అనుకుని కొన్న మిత్రులున్నారు. లోపల లెక్కలు కట్టే కోర్లు కూడా తక్కువే: 1,280 బదులు 1,152. వేరే సరుకుకు వేరే పేరు పెట్టడానికి అడ్డొచ్చింది ఏమిటి?

పేర్ల విషయంలో మీ చరిత్ర కొంచెం తిరగేద్దాం. 2014లో వచ్చిన జీటీఎక్స్ 970 మీద 4 జీబీ అని రాశారు. అందులో చివరి అర జీబీ మిగతా మూడున్నరకంటే చాలా నెమ్మది అని మరుసటి ఏడాది జనం కనిపెట్టారు. అమెరికాలో కోర్టుకెక్కితే 2016లో ఎన్విడియా ఒక్కో కార్డుకు 30 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2018లో జీటీ 1030 అనే చిన్న కార్డులో వేగమైన మెమొరీ తీసేసి మామూలు డీడీఆర్4 పెట్టి, పేరు మాత్రం మార్చకుండా అమ్మారు. మెమొరీ వేగం దాదాపు మూడోవంతుకు పడిపోయింది. 2022లో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో 16 జీబీ, 12 జీబీ అని రెండు కార్డులు ప్రకటించారు. రెండోది అసలు వేరే చిప్పు. 9,728 కోర్లకు బదులు 7,680. గోల పెరిగాక అక్టోబరులో ఎన్విడియా ఆ 12 జీబీ కార్డును వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే కార్డు 4070 టీఐ అయి వచ్చింది. 899 డాలర్లు చెప్పినది 799కే. పేరు నిజమయ్యేసరికి ధర వంద డాలర్లు తగ్గింది! నామకరణానికి ఇంత విలువ ఉంటుందని మా పురోహితుడికి కూడా తెలియదు.

ఎన్విడియానే అంటున్నానని పోటీ చిప్పుల కంపెనీ ఏఎండీవారు నవ్వుకోనక్కరలేదు. 2025లో ఎన్విడియా 5060 టీఐ, ఏఎండీ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ అని ఒకే పేరుతో వచ్చాయి. 8 జీబీ అనేది 2016లో జీటీఎక్స్ 1070లోనూ, మీ ఆర్ఎక్స్ 480లోనూ ఉన్న కొలతే. ఈనాటి ఆటల్లో గోడల మీది పెచ్చులు, బట్టల మీది నేత, మొహాల మీది ముడతలు అన్నీ ఆ మెమొరీలోనే కూర్చోవాలి. చోటు చాలకపోతే ఆట కుదుపులతో నడుస్తుంది, లేదా గోడలు సున్నం కొట్టినట్టు నున్నగా మారిపోతాయి. చిప్పు ఎంత బలమైనదైనా అప్పుడు చేసేదేమీ లేదు. మా పక్కింటి కుర్రాడు ఆ పేరు మాత్రం గుర్తుపెట్టుకుని చౌకగా దొరికిందని 8 జీబీది తెచ్చుకున్నాడు. అది 16 జీబీదే అని నమ్ముతూ వారం రోజులు వాడాడు.

ఇక ఫ్రేముల లెక్క, అంటే ఆటలో కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు చూపిస్తుందనే లెక్క. 2025 జనవరిలో లాస్ వేగాస్ వేదిక మీద ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల 5070 కార్డు 4090 అంతటి పనితీరు ఇస్తుందని ప్రకటించారు. 4090 విడుదల ధర 1,599 డాలర్లు, మెమొరీ 24 జీబీ. 5070లో 12 జీబీ. ఆ సమానత్వం ఎక్కడి నుంచి వచ్చిందంటే, కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకు మరో మూడు ఫ్రేములను ఊహించి మధ్యలో చేర్చడం వల్ల. కంటికి కదలిక నునుపుగా కనిపిస్తుంది, నిజమే. నెమ్మదిగా నడిచే కథల ఆటల్లో నేనూ దాన్ని వాడతాను, హాయిగానే ఉంటుంది. కానీ నేను మౌసు కదిపిన సంగతి ఆ ఊహించిన ఫ్రేములకు తెలియదు. గురిచూసి కొట్టాల్సిన ఆటలో తేడా వేళ్లకు తెలుస్తుంది. వాటిని కలిపి మొత్తం ఫ్రేములు ఇన్ని అని చెప్పడం పెళ్లిలో బంతికి ఎంతమంది వచ్చారంటే గోడ మీది ఫొటోల్లో ఉన్నవాళ్లను కూడా కలిపి చెప్పినట్టుంది. వంటవాడికి ఆ లెక్క పనికిరాదు. నాకూ పనికిరాదు. గీసినవి ఇన్ని, ఊహించినవి ఇన్ని అని రెండు అంకెలు వేయండి.

తర్వాతిది నా పాఠంలోని విషయం కాబట్టి కాస్త విస్తరంగా చెబుతాను. పాత ఎనిమిది పిన్నుల వైరు అధికారికంగా 150 వాట్లు మోస్తుంది. 12 వోల్టుల దగ్గర అది పన్నెండున్నర ఆంపియర్లు, కరెంటు తెచ్చే మూడు తీగలకు పంచితే ఒక్కోదానికి నాలుగు చిల్లర. 2022 నుంచి పై వరుస కార్డులకు వస్తున్న పదహారు పిన్నుల కనెక్టర్ 600 వాట్ల దాకా మోస్తుంది. అంటే 50 ఆంపియర్లు, ఆరు తీగలు, ఒక్కోదానికి ఎనిమిది పైచిలుకు. తీగకు భారం రెట్టింపైంది. పిన్నులేమో పాతవాటికంటే చిన్నవి, మరింత దగ్గర దగ్గరగా ఉన్నవి. ఆ పంపకం కూడా సమానంగా జరుగుతుందన్న హామీ లేదు. రెండు పిన్నులు సరిగ్గా తగలకపోతే వాటి వంతు మిగతా నాలుగింటి మీద పడుతుంది. విద్యుత్ ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందని మా ఇంటర్ మొదటి బెంచీ పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు.

2022లో 4090 కార్డుల కనెక్టర్లు కరిగిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ నవంబరులో ఎన్విడియా తమ దృష్టికి వచ్చినవి దాదాపు 50 కేసులని, కనెక్టర్‌ను పూర్తిగా లోపలికి నొక్కకపోవడమే ఎక్కువగా కనిపించిన కారణమని చెప్పింది. తర్వాత పిన్నుల పొడవు మార్చి సవరించిన కనెక్టర్ వచ్చింది. సరిగ్గా దూరకపోతే కరెంటు లాగకుండా ఉండే ఏర్పాటు అది. మంచిదే. అయినా 2025లో 575 వాట్ల 5090 వచ్చిన కొద్ది వారాలకే కరిగిన కనెక్టర్ల ఫొటోలు మళ్లీ బయటికి వచ్చాయి. కొన్నవాడి బొటనవేలి బలం మీద ఇంటి భద్రత ఆధారపడేలా కనెక్టర్ తయారుచేసి, కరిగాక నువ్వు గట్టిగా నొక్కలేదు అనడం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. నేను ప్రతి ఆదివారం టార్చి వేసి ఆ కనెక్టర్‌ను చూసుకుంటాను. రెండేళ్ల పిల్లవాడికి జ్వరం చూసినట్టు వేలు పెట్టి చూస్తాను. ఇంత ఖరీదైన వస్తువుతో ఉండాల్సిన అనుబంధం ఇది కాదు.

సరే, నా కథకు వస్తాను. కొత్త క్యాబినెట్ 7,000. పాత 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పనికిరాదు కాబట్టి కొత్తది 11,000. రెండూ బిగించి ఆట మొదలుపెట్టిన నలభై నిమిషాలకు వీధిలో కరెంటు పోయింది. పాత 600 వీఏ యూపీఎస్ ఒక్కసారి కీచుమని ఆరిపోయింది. దాని మీద 600 అని ఉన్నా నిజంగా ఇవ్వగలిగేది 360 వాట్లే. నా కంప్యూటర్ అప్పటికే 500 వాట్లు లాగుతోంది. ఆట ఎక్కడ ఆపానో అది కూడా పోయింది. పెద్ద యూపీఎస్ 9,500. ఆ తర్వాత తెలిసిందేమిటంటే కార్డు సగం పనే చేస్తోంది. నా 2018 నాటి ప్రాసెసర్ దానికి పని అందించలేకపోతోంది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ కలిపి 45,000. ఇంతా చేసి తెర పాతదే: 1080 గీతలు, సెకనుకు 60 బొమ్మలు. కార్డు సెకనుకు 150 బొమ్మలు గీస్తే 60 బొమ్మల తెర ఏం చూపిస్తుంది? 32,000 పెట్టి 1440 గీతల మానిటర్ తెచ్చాను. మొత్తం 1,94,500. కార్డు అందులో సగంకంటే తక్కువ. మా ఆవిడకు ఈ లేఖ వచ్చేదాకా పూర్తి మొత్తం తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది.

దీనికి ఎండాకాలం తోడు. కార్డు లాగిన ప్రతి వాటూ చివరికి వేడిగా గదిలోకే వస్తుంది, పోవడానికి మరో చోటు లేదు. కంప్యూటర్ మొత్తం లాగే అయిదారు వందల వాట్లంటే ఏడెనిమిది మామూలు సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటు. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగే వేడిలో ఆరో వంతు. మే నెలలో ఖమ్మంలో ఒక్క మధ్యాహ్నం గడిపి చూస్తే ఈ ఆరో వంతు విలువ మీకు తెలుస్తుంది. రెండు గంటల ఆటకు ఒక యూనిట్ కాలుతుంది, దాని వేడిని తోడడానికి ఏసీ ఖర్చు వేరే. ఒక మిత్రుడి సలహాతో కార్డు వాడే శక్తిని 80 శాతానికి పరిమితం చేశాను. నూరు ఫ్రేములు తొంభై ఆరయ్యాయి, అంతే. ఇంత చిన్న తేడాకు అంత వేడి ఎందుకు వడ్డిస్తున్నారు? పోటీ కంపెనీ పట్టికలో మూడు శాతం వెనకబడతామన్న భయంతోనే అని నా అనుమానం. మా గదుల్లో వాడుకోవడానికి తక్కువ వాట్ల అమరికను ఒక మీటగా కార్డు మీదే ఇవ్వండి.

దుకాణదారులారా, ఇప్పుడు మీ వంతు. 2021లో క్రిప్టో నాణేలు (కంప్యూటర్ లెక్కలతో పుట్టించే డిజిటల్ డబ్బు) సంపాదించడం కోసం కార్డులన్నీ గంపగుత్తగా పోతున్న రోజుల్లో ఒక కార్డు అడిగితే మానిటర్, ఎస్‌ఎంపీఎస్ కూడా కొంటేనే ఇస్తామన్నారు. ఇంట్లో రెండూ ఉన్నాయన్నాను. "అయితే కార్డు కూడా లేదు సార్" అన్నాడా అబ్బాయి, నవ్వుతూనే. ఒకటి కావాలంటే మరొకటి కొనాలని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు.

అందరూ అలాంటివారని అనను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు చదువుకునే రోజుల నుంచి ఎక్కినవాణ్ని. అక్కడ ఒక పెద్దాయన ఏ కార్డు అడిగినా ముందు "మీ దగ్గర ఏ ఎస్‌ఎంపీఎస్ ఉంది, ఎన్నేళ్లయింది?" అని అడిగేవారు. జవాబు నచ్చకపోతే కార్డు పెట్టెను మళ్లీ అరలో పెట్టేసి, "నెల ఆగి రెండూ కలిపి కొనుక్కోండి" అని పంపేసేవారు. నాకు 1060 అమ్మింది ఆయనే. ఈసారి నాకు అమ్మినవారు క్యాబినెట్ గురించి అడగలేదు, మానిటర్ గురించి అడగలేదు. డబ్బు యూపీఐలో ఇస్తారా, కార్డు గీస్తారా అని మాత్రం అడిగారు.

వారంటీ సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆ పాత కార్డుకే మూడో ఏట ఫ్యాను గరగరలాడితే నా ఖర్చుతో హైదరాబాదు పంపాను. అసలు పెట్టె ఏదన్నారు, బిల్లు ఏదన్నారు, నలభై రోజులు పోయాక ఎవరో వాడిన కార్డు తుడిచి పంపారు. దాని మీద గీతలు నావి కావు. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు "మామయ్యా, ఇక్కడ చౌక, వచ్చేటప్పుడు తెస్తా" అన్నాడు. చాలా బ్రాండ్ల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందని తెలిసి వద్దన్నాను. 2025 ఫిబ్రవరిలో కొన్ని 5090, 5070 టీఐ కార్డుల్లో బొమ్మను తుదిరూపానికి తెచ్చే భాగాలు కొన్ని లేకుండానే బయటికి వచ్చాయి. కొన్నవాళ్లు సాఫ్ట్‌వేర్‌తో లెక్కపెట్టి చూసుకుంటే బయటపడింది. అర శాతంకంటే తక్కువ కార్డులు అలా వెళ్లాయని, పనితీరు సగటున 4 శాతం తగ్గుతుందని ఎన్విడియా ఒప్పుకుని మార్చి ఇస్తామంది. ఆ మాట నిలబడాలంటే ఖమ్మంలో ఉన్నవాడు ఎక్కడికి వెళ్లాలో పెట్టె మీద ఉండాలి కదా.

అందుకే మీ ముగ్గురినీ అడిగేది ఒకే ఒక్క పని, అదీ చిన్నది. మన దేశంలోకి వచ్చే ప్రతి పెట్టె మీద దిగుమతిదారు చిరునామా, నెల, ఎంఆర్‌పీ రాసిన స్టిక్కర్ చట్టం ప్రకారం ఎలాగూ అతికిస్తున్నారు. (నా పెట్టె మీది ఎంఆర్‌పీ నేనిచ్చినదానికి రెండింతలకు పైనే ఉంది. అది చూసి నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. ఆ ధర ఎవరి కోసం వేస్తారో మరో లేఖలో అడుగుతాను.) ఆ స్టిక్కర్‌నే ఇంకాస్త పెద్దది చేయండి. ఆడుతున్నప్పుడు కార్డు ఎన్ని వాట్లు లాగుతుంది, ఒక్క క్షణం ఎగసినప్పుడు ఎన్ని. పొడవు, ఎత్తు, మందం మిల్లీమీటర్లలో, బరువుతో సహా. ఏ కనెక్టర్, ఎన్ని. పాత మదర్‌బోర్డులో పెడితే పనితీరు ఎంత తగ్గుతుంది. మెమొరీ ఎంత, ఏ రకం. ఊహించిన ఫ్రేములు కలపకుండా 1080, 1440, 4కే తెరల మీద ఎన్ని ఫ్రేములు. వారంటీ బిల్లు తేదీ నుంచా, తయారైన తేదీ నుంచా, దగ్గరి సర్వీసు కేంద్రం ఏ ఊళ్లో. సిరా ఖర్చు తప్ప మరేమీ కాదు. దుకాణదారులు బిల్లు వేసేముందు దాన్ని కొనేవాడికి చూపించి క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, మానిటర్ అనే మూడు మాటలు అడిగితే చాలు.

ఇంత తిట్టినా ఒక నిజం దాచను. అన్నీ అమరాక ఒక రాత్రి పదకొండింటికి ఆట తెరిచాను. వాన వెలిసిన నగరం. రోడ్డు మీద నీటి మడుగులో ఎదురు దుకాణం దీపాలు, వాటి మీదుగా నడిచిపోయే మనిషి నీడ. గన్ను పక్కనపెట్టి ఆ మడుగు దగ్గరే పావుగంట నిలబడ్డాను. కాంతి ఎలా పరావర్తనం చెందుతుందో ఇరవయ్యేళ్లుగా నల్లబల్ల మీద సుద్దముక్కతో గీస్తున్నాను. అదే పాఠాన్ని మీ కార్డు క్షణంలో లక్షల కిరణాలతో నా ముందు పరిచింది. నాన్నగారు మంచినీళ్ల కోసం లేచి వచ్చి, నా వెనక నిలబడి, "ఇది ఏ ఊరురా?" అని అడిగారు.

పెట్టె బీరువా మీద భద్రంగా ఉంది, వారంటీకి కావాలన్నారు కదా. నిన్న దించి కొలిచాను. అట్టడుగు వైపు ఏమీ అచ్చు వేయలేదు. నలభై సెంటీమీటర్ల పొడవు, ఇరవై రెండు వెడల్పు. నేనడిగినవన్నీ ఒక కాగితం మీద రాసి అక్కడ పెట్టి చూశాను. తెలుగులో రాసినా ఇంకా మూడు వేళ్ల చోటు మిగిలింది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు,
ఖమ్మం